ప్యానెల్ కొనేముందు కిటికీల సంగతి చూడండి

మేడమ్, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. క్లాస్‌రూమ్ తీరు మారితే పిల్లల చదువు నిజంగా మారుతుందా, లేక ఇదంతా ఆర్కిటెక్టులూ ఫర్నిచర్ కంపెనీలూ చెప్పుకునే మాటేనా అన్నది ఒకటి. మీ ఇంజినీరింగ్ కాలేజీ యాజమాన్యం రెండు గదుల్ని 'స్మార్ట్'గా మారుస్తానంటోంది, కొటేషన్‌లో 75 అంగుళాల టచ్ ప్యానెల్, రెండు స్ప్లిట్ ఏసీలు, జిప్సమ్ ఫాల్స్ సీలింగ్, చక్రాల కుర్చీలు ఉన్నాయి, కమిటీ మెంబరుగా సంతకం పెట్టొచ్చా అన్నది రెండోది. కాలేజీ భవనాల డిజైన్ పనిలో ఇరవై ఏళ్లు దాటిన మనిషిగా చెబుతున్నాను. మొదటిదానికి జవాబు, మారుతుంది. రెండోదానికి, ఆ కొటేషన్ మీద మాత్రం ఇప్పుడే పెట్టకండి.

మీ గది 11 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు అని రాశారు. అంటే 66 చదరపు మీటర్లు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నిబంధనల్లో అరవై మంది సెక్షన్‌కి పెట్టిన కొలత అదే. మన దగ్గర చాలామంది దానికి ఒక్క అడుగు కూడా ఎక్కువ కట్టరు. మనిషికి 1.1 చదరపు మీటరు వస్తుంది. డెస్కు, బెంచీ, నడవ, బోర్డు ముందు మీరు నిలబడే జాగా అన్నీ అందులోనే. పాఠం ఎలా చెప్పాలన్నది ఈ అంకె దగ్గరే ఖాయమైపోతుంది. అందరూ ఒకే వైపు తిరిగి కూర్చోవాలి, ఒక్కరు మాట్లాడాలి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం రాసే ఫైల్లో విద్యార్థి కేంద్రిత బోధన గురించి ఎన్ని పేజీలైనా రాసుకోవచ్చు, మూడో బెంచీలో ఇద్దరి మధ్య కూర్చున్న అమ్మాయి పక్కకి మాత్రం మీరు వెళ్లలేరు. లెక్క ఆమెకు ఏ స్టెప్‌లో తప్పిందో చూడలేరు. మిడ్ పేపర్ దిద్దేటప్పుడు గానీ తెలీదు. డిజైన్ ప్రభావం అంటే గోడల రంగు కాదండీ, ఇది. (ఆ రంగు వేస్తే ఏకాగ్రత, ఈ రంగు వేస్తే సృజన అని చెప్పే సేల్స్‌మన్ వస్తే టీ ఇచ్చి పంపించేయండి.)

ఇక గాలి. కొటేషన్‌లో నన్ను భయపెట్టింది ఈ భాగమే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కుదురుగా కూర్చున్న మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. అరవై మందికి వెయ్యి లీటర్ల పైమాటే. మీ గది ఘనపరిమాణం 231 ఘనమీటర్లు. తలుపులూ కిటికీలూ బిగించేస్తే ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ గంటకు సుమారు 4,700 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఇన్ని భాగాలన్న లెక్క) చొప్పున పెరుగుతుంది. బయట ఉండేది 420కి కాస్త అటూ ఇటూ. తలుపు సందుల్లోంచి కొంత గాలి మారుతుంది కాబట్టి ఇంత ఘోరంగా ఉండదనుకుందాం. అయినా హాజరు తీసుకుని, నిన్నటి పాఠం గుర్తుచేసి, కొత్త టాపిక్ మొదలుపెట్టేసరికే గది 1,500 దాటేసి ఉంటుంది.

2012లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు 22 మందిని 600, 1,000, 2,500 పీపీఎం గాలిలో కూర్చోబెట్టి నిర్ణయాలు తీసుకునే పరీక్షలు పెట్టారు. వెయ్యి దగ్గరే స్కోర్లు తగ్గాయి, 2,500 దగ్గర చాలా అంశాల్లో బాగా పడిపోయాయి. తర్వాత చేసిన ప్రయోగాలన్నీ దీనితో ఏకీభవించలేదు. కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే దోషా, దానితో పాటు మూసిన గదిలో పేరుకునే మిగతావా అన్న వాదన ఇంకా నడుస్తోంది. గాలి మారని గదిలో బుర్ర మందగిస్తుందన్న దాంట్లో మాత్రం పెద్దగా తగాదా లేదు. లంచ్ తర్వాత మొదటి పీరియడ్‌లో సగం మంది తూగుతుంటే మనం మెస్సులో పెట్టిన అన్నాన్నే తిడతాం, కిటికీ వైపు చూడం.

అలాగని ఏసీ వద్దనే మనిషిని కాను. మార్చి దాటాక గుంటూరు ఎండలో మేడ మీది గదిలో పాఠం వినడం ఎవరి తరమూ కాదు. 2016 వేసవిలో బోస్టన్‌లో వడగాలులు వచ్చినప్పుడు హార్వర్డ్ పరిశోధకులు 44 మంది విద్యార్థుల్ని గమనించారు. కొందరు ఏసీ ఉన్న హాస్టళ్లలో, కొందరు లేనివాటిలో ఉన్నారు. పొద్దున్నే ఫోన్‌లో చిన్న పరీక్ష పెడితే, ఏసీ లేని వాళ్లు జవాబివ్వడానికి సుమారు 13 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. అది బోస్టన్ ఎండకే. కాబట్టి ఏసీ పెట్టించుకోండి, కానీ దాంతోపాటు బయటి గాలికి దారి కూడా పెట్టించండి. మీ గదికి గంటకు 1,700 ఘనమీటర్ల బయటి గాలి కావాలి. మోత తక్కువగా ఉండే 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండు, వాటికి ఎదుటి గోడలో గాలి లోపలికి వచ్చే కంతలు ఉంటే దాదాపు సరిపోతుంది. కరెంటు బిల్లు కొంత పెరుగుతుంది, ఆ మాట యాజమాన్యానికి ముందే చెప్పేయండి. పాత కాలేజీల్లో తలుపుల మీదా కిటికీల మీదా వెంటిలేటర్లు ఎందుకు పెట్టేవారో మనవాళ్లు మర్చిపోయారు. ఏసీ బిగించిన రోజునే వాటికి అట్టముక్కలు కొట్టేస్తారు.

శబ్దం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఫాగ్ మ్యూజియం కట్టినప్పుడు అందులోని లెక్చర్ హాల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మాట గాల్లో అయిదు సెకన్లకు పైగా వేలాడేది, తర్వాతి మాట దాని మీద పడేది. బాగుచేసే పని వాలెస్ సాబిన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీటు మెత్తలు రాత్రిళ్లు మోయించి తెచ్చి, ఆర్గాన్ గొట్టం ఊది, మోత ఆగేదాకా గడియారం పట్టుకుని కొలిచి, తెల్లారేలోగా మళ్లీ అక్కడ పెట్టించేవాడు. గదిలో శబ్దాన్ని పీల్చుకునేవి ఎంత ఎక్కువుంటే మోత అంత త్వరగా ఆగుతుందని, ఈ రోజుకీ మేమంతా వాడే సూత్రం ఆ మెత్తల లెక్కలోంచి వచ్చిందే. శబ్దాన్ని పీల్చుకోవడానికి ఆయన చివరికి ఎంచుకున్న కొలమానం ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా.

ఇప్పుడు మీ గదికి ఆ సూత్రం వేద్దాం. సిమెంటు గోడలు, టైల్స్ నేల, స్లాబు పైకప్పు, ఇవేవీ శబ్దాన్ని పీల్చుకోవు. పీల్చుకునేవి పిల్లల ఒళ్లు, బట్టలు, తెరిచిన కిటికీలు. అరవై మందీ ఉండి కిటికీలు తెరిచి ఉంటే మాట చచ్చిపోవడానికి 0.9 సెకను పడుతుంది. ఏసీ కోసం మూసేస్తే 1.1 దాటుతుంది, సగం మంది బంక్ కొట్టిన రోజు ఇంకా పెరుగుతుంది. ఈ సైజు గదికి అమెరికా ప్రమాణం 0.6 సెకను. అంటే మీ కొటేషన్‌లోని ఏసీ గాలితో పాటు మాటనీ చెడగొడుతోంది. జిప్సమ్ సీలింగ్ దీనికి పనికిరాదు, అది కూడా గోడలాంటిదే. అదే చోట శబ్దాన్ని పీల్చుకునే మినరల్ ఫైబర్ టైల్స్ వేయిస్తే మీ గది 0.5 సెకనుకి దిగుతుంది. ఎత్తు మాత్రం మూడు మీటర్లకు తగ్గనివ్వకండి, వెంటిలేటర్లు సీలింగ్ పైన మూసుకుపోకుండా చూసుకోండి. ఆ కొటేషన్‌లో పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసే మార్పు ఈ టైల్సే, అదీ ఫొటోలో కనపడదు.

ఎవరికి మేలు? ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి మీ దగ్గర ఫస్టియర్లో చేరిన పిల్లాడికి. సొంత భాషలో మాట సగం వినపడినా మిగతా సగం మనసే పూరించుకుంటుంది. ఇంకా పట్టుచిక్కని ఇంగ్లిష్‌లో అలా పూరించుకోవడం కుదరదు. మీరు 'ఫిఫ్టీన్' అన్నారో 'ఫిఫ్టీ' అన్నారో తేలాలంటే చివరి హల్లు స్పష్టంగా చెవిన పడాలి, గదిలో మోత ఉంటే మొదట మునిగిపోయేది ఆ హల్లే. క్లాస్‌రూమ్‌లో టీచరు గొంతు మిగతా చప్పుడు కంటే 15 డెసిబెల్స్ పైన ఉండాలంటారు. అయిదో నంబరు మీద గిరగిరా తిరిగే సీలింగ్ ఫ్యాన్ల కింద, పక్క సెక్షన్ గోల మధ్య, చివరి బెంచీ దాకా అంత తేడా మిగలదు. ఆ పిల్లాడు లేచి 'వినపడలేదు సార్' అనడు. అర్థం కాలేదనుకుని, తప్పు తనదే అనుకుని కూర్చుంటాడు. మనం వాడికి బేసిక్స్ లేవని ముద్ర వేస్తాం. కాలర్ మైకూ చిన్న స్పీకర్లూ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. మోత ఉన్న గదిలో మైకు పెడితే మోత కూడా పెరుగుతుంది. ముందు సీలింగ్, ఆ తర్వాతే మైకు.

తెర లెక్క చిన్నదే. అక్షరాలు హాయిగా చదవాలంటే చివరి వరస, తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం లోపల ఉండాలన్నది మా వాడుక లెక్క. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 93 సెంటీమీటర్లు. ఆరు రెట్లంటే 5.6 మీటర్లు. మీ చివరి బెంచీ తొమ్మిది మీటర్ల అవతల ఉంది. వెనక వరసల వాళ్లు సర్క్యూట్ డయాగ్రమ్‌ని చూడరు, వెలుతురు చూస్తారంతే. ఒక మంచి ప్రొజెక్టరు పెట్టి 1.5 మీటర్ల ఎత్తు బొమ్మ వేస్తే తక్కువ ఖర్చులో అందరికీ కనపడుతుంది. ఇంకో ఉపాయం ఉంది, బోర్డుని 11 మీటర్ల గోడకి మార్చేయడం. అప్పుడు చివరి వరస అయిదు మీటర్లలోపే వస్తుంది, లాస్ట్ బెంచ్ అన్నదే ఉండదు. అటూ ఇటూ చివర్లలో కూర్చునేవాళ్లకి బోర్డు ఏటవాలుగా కనపడుతుంది, కారిడార్ వైపు గోడైతే రెండు తలుపుల్లో ఒకటి అడ్డం వస్తుంది, అది నిజమే. నేనైతే ఈ ఇబ్బందినే ఎంచుకుంటాను.

లాస్ట్ బెంచ్ పిల్లలు వెనకబడేది అక్కడ కూర్చోవడం వల్లా, లేక వెనకబడ్డవాళ్లే అక్కడికి చేరతారా? కొలరాడో యూనివర్సిటీలో పెర్కిన్స్, కార్ల్ వీమన్ (ఈయన ఫిజిక్స్ నోబెల్ గ్రహీత) ఈ చిక్కు విప్పడానికి పెద్ద ఫిజిక్స్ క్లాసులో సీట్లు లాటరీలా కేటాయించారు, సగం సెమిస్టర్ అయ్యాక ముందువాళ్లని వెనక్కీ వెనకవాళ్లని ముందుకీ మార్చారు. 2005లో ఫలితాలు ప్రచురించారు. మొదట వెనక కూర్చున్నవాళ్లు, తర్వాత ముందుకొచ్చినా, ఎక్కువగా ఫెయిలయ్యారు. తొలి వారాల్లో పడిన అలవాటు కదల్లేదన్నమాట. తర్వాత వేరేచోట బయాలజీ క్లాసులో ఇలాంటిదే చేస్తే తేడా రాలేదు, కాబట్టి దీన్ని శిలాశాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ ఫస్టియర్ మొదటి నెలలో వారానికోసారి వరసలు మార్చడానికి మీకు పైసా ఖర్చు లేదు.

చక్రాల కుర్చీల దగ్గరికి వద్దాం. గుండ్రటి బల్లల క్లాస్‌రూమ్ అన్న ఆలోచనకి పేరు తెచ్చింది నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పిన రాబర్ట్ బైక్నర్. ఏడడుగుల బల్ల, చుట్టూ ముగ్గురేసి చొప్పున మూడు జట్లు, గోడల నిండా బోర్డులు, మధ్యలో తిరుగుతూ టీచరు. ఫెయిలయ్యేవాళ్లు తగ్గారు, అమ్మాయిల్లో మరీ ఎక్కువగా తగ్గారు. ఎంఐటీ 2000 దశకం మొదట్లో దాన్నే తమ ఫస్టియర్ ఫిజిక్స్‌కి తెచ్చుకుంది. అక్కడ కూడా ఫెయిల్ శాతం సగానికి పైగా తగ్గింది, కానీ 2003లో మాకు మామూలు లెక్చర్లే కావాలని విద్యార్థులే సంతకాలు సేకరించి పిటిషన్ పెట్టారు. మిన్నెసోటా యూనివర్సిటీలో ఒకే టీచరు ఒకే సబ్జెక్టుని రెండు రకాల గదుల్లో చెప్పారు. ప్రవేశ పరీక్ష స్కోర్లను బట్టి వెనకబడాల్సిన సెక్షన్, బల్లల గదిలో చదివి అవతలి సెక్షన్‌తో సమానంగా నిలిచింది. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది వేరే. రెండు చోట్లా ఒకేలా చెప్పాలని ఆ టీచరు పట్టుదలగా ప్రయత్నించినా కుదరలేదు. వరసల గదిలో పోడియం దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయి లెక్చర్ ఇచ్చారు, బల్లల గదిలో పిల్లల మధ్య తిరిగి ఎక్కువ చర్చ పెట్టారు. గది మొదట మార్చేది టీచరుని. పిల్లలు మారేది ఆ తర్వాత.

అయితే ఆ గదుల్లో మనిషికి రెండు చదరపు మీటర్ల పైన జాగా ఉంటుంది. మీ 66 చదరపు మీటర్లలో అలాంటి బల్లలు మూడు పడతాయి, అంటే 27 మంది. మిగతా 33 మంది ఎక్కడ కూర్చుంటారు? అందుకే అరవై చక్రాల కుర్చీలు కొన్న గదులన్నీ నెల తిరక్కుండా మళ్లీ వరసల్లోకి వచ్చేస్తాయి, ఈసారి గరగరలాడుతూ. పైగా వాటి రైటింగ్ ప్యాడ్ చాలావాటికి కుడి వైపే ఉంటుంది. ఎడమచేతి వాటం పిల్లలు మూడు గంటల సెమిస్టర్ పరీక్ష ఒళ్లు మెలితిప్పుకుని రాయాలి.

నా మాట వింటే ఉన్న బెంచీలే ఉంచండి. నేలకు బిగించి ఉంటే బోల్టులు పీకించండి. ఒకటో వరస వెనక్కి తిరిగితే రెండో వరసతో కలిసి ఆరుగురి జట్టు అవుతుంది. మధ్య నడవని ఒకటిన్నర అడుగులు పెంచి డయాస్ తీయించేయండి, ఆ మెట్టు వల్ల మీరు బోర్డు దగ్గరే ఉండిపోతున్నారు. కిటికీలు లేని గోడలన్నిటికీ నడుం ఎత్తు నుంచి బోర్డులు కొట్టించండి. ట్యుటోరియల్ క్లాసులో జట్టుకి నలుగురు లేచి నిలబడి గోడ మీద లెక్క చేస్తుంటే, గది మధ్యలో నిలబడి ఒక్కసారి చుట్టూ చూస్తే ఎవరు ఎక్కడ ఆగిపోయారో మీకు కనపడిపోతుంది. నేను పైన చెప్పిన మూడో బెంచీ అమ్మాయి సమస్యకి నాకు తెలిసిన చవకైన పరిష్కారం ఇదే. మార్కర్ల ఖర్చు మాత్రం ఎక్కువే అవుతుంది, స్టోర్స్‌వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఇక క్లాస్‌రూమ్ బయట. రోజుకి ఏడు పీరియడ్లలో ఒకటి ఖాళీ వస్తే మీ పిల్లలు ఎక్కడ కూర్చుంటారో ఎప్పుడైనా చూశారా? మెట్ల మీద, పార్కింగ్‌లో బైకుల మీద, క్యాంటీన్‌లో ఏదో ఒకటి కొనుక్కుని. ఉస్మానియాలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గ్రానైట్ భవనాన్ని అందరూ అందానికి పొగుడుతారు. ఆ ముందు మెట్ల మీద నడిచిన చర్చలు, సభలు, ఉద్యమాలు లోపలి ఏ సెమినార్ హాల్లోనూ నడిచి ఉండవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లని అడిగితే షాప్‌కామ్ (క్యాంపస్‌లోని షాపింగ్ కాంప్లెక్స్) పేరు చెబుతారు. అహ్మదాబాద్ ఐఐఎం కట్టేటప్పుడు ఆర్కిటెక్టు లూయీ కాన్ క్లాస్‌రూముల మీద ఎంత శ్రద్ధ పెట్టాడో, నీడ ఉన్న వెడల్పాటి నడవల మీద, మధ్య ప్రాంగణం మీద అంతే పెట్టాడు. పాఠం అయ్యాక వాదన ఆగకూడదని ఆయన ఉద్దేశం. కాన్పూర్ ఐఐటీలో ఆర్కిటెక్టు అచ్యుత్ కన్విందే భవనాల్ని కప్పున్న నడవలతో కలిపాడు. మన కాలేజీల్లో కారిడార్ అంటే ఆరడుగుల వెడల్పు, అందులో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే పీఈటీ వచ్చి క్లాసుకి పొమ్మంటాడు. కారిడార్ పొడుగునా గోడకి ఆనించి అడుగు వెడల్పు గట్టు, పైన ఒక లైటు, ప్రతి ఆరడుగులకీ ఒక ప్లగ్ పాయింటు పెట్టించండి. అగ్నిప్రమాద నిబంధనల ప్రకారం నడవడానికి కావలసిన వెడల్పు మిగులుతుందో లేదో ముందు కొలవండి, చాలకపోతే మెట్ల దగ్గరి మలుపుల్లో పెట్టించండి.

లైబ్రరీ గురించి ఒక్క మాట. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు నెలకింతని కట్టి ప్రైవేటు రీడింగ్ రూముల్లో కూర్చుంటారు. అక్కడ వాళ్లు కొనుక్కునేది ఒక కుర్చీ, ఒక లైటు, ఒక ప్లగ్ పాయింటు, నిశ్శబ్దం, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే తలుపు. డిగ్రీ చదివినన్నాళ్లూ కాలేజీ ఇవ్వనివి అవే. మీ లైబ్రరీ సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటుందని రాశారు, కాలేజీ బస్సులు నాలుగున్నరకి బయల్దేరతాయనీ రాశారు. అంటే డే స్కాలర్‌కి ఆ లైబ్రరీ లేనట్టే. హాస్టల్ అమ్మాయిలకు గేటు ఎన్నింటికి మూస్తారో కూడా చూడండి. 2015లో ఢిల్లీలో పింజ్రా తోడ్ పేరుతో అమ్మాయిలు రోడ్డెక్కింది హాస్టల్ వేళల మీదే, రాత్రి లైబ్రరీకి వెళ్లలేకపోవడం వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. ప్రతి అంతస్తులోనూ అమ్మాయిలకు వాడదగిన టాయిలెట్ లేకపోతే పొద్దున్నించి నీళ్లు తాగకుండా కూర్చుంటారు, అలా కూర్చున్నవాళ్లకి నాలుగో పీరియడ్‌కి తలనొప్పి వస్తుంది. స్మార్ట్ క్లాస్‌రూమ్ బడ్జెట్‌లో ప్లంబింగ్ పద్దు ఎవరూ రాయరు. రెండో అంతస్తు ల్యాబుకి లిఫ్టు లేకపోవడం సంగతీ అంతే, 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కూడా.

కాబట్టి కమిటీలో ఇలా చెప్పండి. రెండు గదులూ ఒకేసారి వద్దు. ఒక గదికి మినరల్ ఫైబర్ సీలింగ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఏసీ, ప్రొజెక్టరు, మూడు గోడలకి బోర్డులు. ప్యానెల్, కుర్చీలు కొట్టేయండి. మిగిలే డబ్బు కారిడార్ గట్లకీ, టాయిలెట్లకీ. రెండో గదిని ఒక సెమిస్టర్ పాటు ఇప్పుడున్నట్టే ఉంచి, అదే టీచరు అదే పేపరు రెండు సెక్షన్లకీ చెప్పేలా టైంటేబుల్ వేయించండి. మార్కులు వాటంతటవే చెబుతాయి, యాజమాన్యంతో వాదించే పని మీకు తప్పుతుంది.

కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. సంతకం పెట్టేలోగా ఒకటి తెప్పించి, మీ కాలేజీలో ఇప్పటికే ఏసీ ఉన్న సెమినార్ హాల్లో లంచ్ తర్వాత క్లాసప్పుడు టేబుల్ మీద పెట్టి, పది నిమిషాలకోసారి అంకె రాసుకోండి. ఆ కాగితం కమిటీ ముందు పెడితే నా పేరాలన్నీ చదివి వినిపించక్కర్లేదు. మీ గది ఏ అంతస్తులో ఉంది, కిటికీలు పడమరకా ఉత్తరానికా, కారిడార్ ఎటు వైపు అన్నది రాస్తే ఫ్యాన్లు ఏ గోడకి పెట్టాలో, బోర్డు తిప్పడం కుదురుతుందో లేదో చెబుతాను.